ఫైరింజన్ వచ్చేలోపు

యాసంగి వరికోతలు మొదలైతే మన ఊళ్లను రెండు భయాలు పట్టుకుంటాయి. ఒకటి అకాల వాన, రెండోది అగ్గి. వాన సంగతి టీవీలు చెబుతాయి. అధికారులు సమీక్షలు పెడతారు. కల్లంలో తడిసిన వడ్ల ఫొటోలు పేపర్లలో వస్తాయి. అగ్గి సంగతి మాత్రం ఎవరి కొట్టం కాలిందో వాళ్లకే తెలుస్తుంది.

మధ్యాహ్నం గాలి లేస్తుంది. వదులైన కరెంటు తీగలు ఒకదానికొకటి రాసుకుంటాయి. ఒక్క నిప్పురవ్వ ఎండుగడ్డి మీద పడితే చాలు. పక్క చేన్లో ఉన్నవాళ్లు అరుచుకుంటూ ఉరికొచ్చేసరికి వాము సగం అంటుకుని ఉంటుంది. వాము పక్కనే కొట్టం, కొట్టంలో కట్టేసిన బర్రెలు, చూరు కింద చుట్టిపెట్టిన డ్రిప్పు పైపులు, స్టార్టర్ డబ్బా. తీగల కింద మంట లేచింది కాబట్టి ముందు కరెంటు తీయించాలి. తీయించకుండా నీళ్లు కొడితే మనిషి ప్రాణం పోతుంది. కరెంటు తీస్తే బోరు ఆగిపోతుంది. 24 గంటల కరెంటు ఉన్న రాష్ట్రంలో, పక్కనే బోరు పెట్టుకుని, బిందెలతో మంటలార్పే బతుకు మనది.

"ఫైరింజన్‌కు ఫోన్ చేశారా?" అని అడిగితే మన సభ్యుల్లో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. "చేసి ఏం లాభమన్నా? అది వచ్చేసరికి ఏం మిగుల్తది?"

ఈ నెల ఈ జవాబు గురించే మాట్లాడదలచుకున్నాం.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాలున్న ఓడ అంటుకుంటే, ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఈ వారం. ఫైర్ సిబ్బంది మీద మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. పండగ పూట కూడా ఇల్లు వదిలి, మనం బయటికి ఉరికే చోటికి లోపలికి ఉరికేది వాళ్లే. ఎంత దూరం నుంచి రావాలో, ఎంతమందితో రావాలో, ఏ బండి మీద రావాలో నిర్ణయించేది మాత్రం వాళ్లు కాదు. అది బడ్జెట్ నిర్ణయిస్తుంది. మా ఫిర్యాదు ఆ బడ్జెట్ మీద.

పట్నం ప్రమాదం పంపింది, రక్షణ పంపలేదు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లకు, కూరగాయలకు, పాలకు పేరు. ఇప్పుడు మన ఊళ్లలో పొలం ఎంతుందో, వెంచర్లు, గోదాములు, కంపెనీలు కలిపి అంతకు తక్కువ లేవు. నాగపూర్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి, కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి, అడ్డంగా ఔటర్ రింగ్ రోడ్డు. డీజిల్, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లు రాత్రీ పగలూ మన పొలాల పక్కనుంచే పోతుంటాయి. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. కరోనా కాలంలో దేశానికి కోవాగ్జిన్ టీకా అక్కడి నుంచే వచ్చింది. అందుకు మనకూ గర్వమే. కానీ ఇన్ని కంపెనీలు, ఇన్ని గోదాములు వచ్చినచోట అగ్గి ప్రమాదం కూడా వాటితోపాటే వచ్చింది. ఆ గోదాముల్లో కాపలా ఉండేది, సరుకు మోసేది ఎవరు? పొలం అమ్ముకున్న మన పిల్లలు, బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీలు.

గోదాములో మంట లేస్తే ఏమవుతుందో 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో చూశాం. తుక్కు గోదాము పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. అది నగరం నడిబొడ్డు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే, గల్లంతైనవారితో కలుపుకుని 50 మందికి పైగా కార్మికులు పోయారు. అది పేరున్న పారిశ్రామికవాడ. నగరం నడుమ, పారిశ్రామికవాడలో పరిస్థితి అది అయినప్పుడు, ఊరి చివర మట్టిరోడ్డు పక్కన రేకుల షెడ్డులో మంట లేస్తే ఎవరు దిక్కు?

ఔటర్ రింగ్ రోడ్డు మన మండలాలను కోసుకుంటూ పోయింది. 2024 జులైలో ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసింది. చెరువుల ఆక్రమణల తొలగింపుతోపాటు విపత్తుల్లో ఆదుకోవడం కూడా దాని పనే. ఆ ఏడాది రాష్ట్ర బడ్జెట్‌లో దానికి 200 కోట్లు కేటాయించారు. దాని పరిధి మాత్రం ఔటర్ వరకే. 2025 నవంబరులో ఔటర్ లోపలి, దాన్ని ఆనుకున్న మున్సిపాలిటీలను జీహెచ్ఎంసీలో కలపాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ గీతకు అవతల ఉన్న ఉద్దెమర్రి, కేశవరం, లక్ష్మాపూర్, కొల్తూరు, ఇటు రావల్‌కోల్, శ్రీరంగవరం, నూతన్‌కల్ లాంటి ఊళ్ల సంగతేమిటి? ఔటర్ లోపలివాళ్లకు పన్ను పెరుగుతుందన్న భయం ఉంది, కనీసం సేవ అడిగే హక్కయినా ఉంది. అవతలివాళ్లకు ఆ హక్కు కూడా లేదు. మంటకు ఔటర్ గీత కనిపించదు. బడ్జెట్‌కు మాత్రం కనిపిస్తుంది.

చట్టంలోనే పల్లె లేదు

ఇది ఎవరో ఒక అధికారి నిర్లక్ష్యం కాదు. మూలం ఇంకా లోతుగా ఉంది. 1992లో 73, 74 రాజ్యాంగ సవరణలు వచ్చాయి. మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితా 12వ షెడ్యూల్‌లో ఉంది. అందులో 18 అంశాలు. వాటిలో అగ్నిమాపక సేవలు ఒకటి. పంచాయతీలకు అప్పగించదగిన పనుల జాబితా 11వ షెడ్యూల్‌లో ఉంది. అందులో 29 అంశాలు. వ్యవసాయం ఉంది, పశుపోషణ ఉంది, పశుగ్రాసం కూడా ఉంది. ఆ పశుగ్రాసం అంటుకుంటే ఆర్పే పని మాత్రం లేదు.

అంటే రాజ్యాంగం కాగితం మీద ఫైర్ సర్వీసు పట్టణం సేవ. పల్లెకు అది రాష్ట్ర ప్రభుత్వం దయ. మన రాష్ట్రంలో 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం కింద ఇది రాష్ట్ర శాఖగానే నడుస్తోంది. అది ఒక రకంగా మంచిదే. బాధ్యత ఎవరిదన్న తగాదా లేదు, రాష్ట్ర ప్రభుత్వానిదే. అయితే ఏ పల్లెకు ఎన్ని నిమిషాల్లో ఇంజన్ రావాలో రాసిచ్చిన హామీ ఏదీ మన చేతిలో లేదు.

కొలమానం లేక కాదు. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే స్థాయీ అగ్నిమాపక సలహా మండలి ఎప్పుడో ప్రమాణాలు చెప్పింది. పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్, పల్లెల్లో 50 చదరపు కిలోమీటర్లకు ఒకటి. పల్లెకు 20 నిమిషాల్లో ఇంజన్ చేరాలి. 50 చదరపు కిలోమీటర్లంటే స్టేషన్ చుట్టూ నాలుగు కిలోమీటర్ల లోపు ఊళ్లన్నమాట. మీ ఊరికి నాలుగు కిలోమీటర్ల లోపు ఫైర్ స్టేషన్ ఉందేమో మీరే చూసుకోండి. మన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా విస్తీర్ణం దాదాపు 1,080 చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతా పల్లెటూరే అనుకున్నా 20కి పైగా స్టేషన్లు కావాలి. సగానికి పైగా పట్నమైపోయిన జిల్లాకు ఇంకెన్ని కావాలో లెక్క వేయడం కష్టమేమీ కాదు.

డబ్బు లేదనే మాట

"నిధుల్లేవు" అనే జవాబు మనకు కొత్త కాదు. ఈ విషయంలో ఆ జవాబు ఎంతవరకు నిజమో చూద్దాం.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి విపత్తు నిధుల్లో వాటాలు వేసింది. సహాయానికి 40 శాతం, పునర్నిర్మాణానికి 30 శాతం, ముందస్తు నివారణకు 20 శాతం, సన్నద్ధతకు 10 శాతం. ఆ సన్నద్ధత పద్దు నుంచి రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్లు పక్కన పెట్టారు. ఆ పథకాన్ని కేంద్రం 2023 జులైలో ప్రారంభించింది. మనలాంటి రాష్ట్రాలు 25 శాతం తమ వాటాగా కలపాలి. కొత్త స్టేషన్లు, శిక్షణ కేంద్రాలు, పరికరాలు, సాంకేతిక సదుపాయాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితాలో పట్టణ స్టేషన్ల బలోపేతం అని పేరు పెట్టి రాశారు. పల్లె స్టేషన్ అని ఎక్కడా పేరు పెట్టలేదు. పేరు లేని పనికి పైసా ఎలా వస్తుంది?

ఈ ఏప్రిల్‌తో 16వ ఆర్థిక సంఘం కాలం మొదలైంది. మరో ఐదేళ్ల ప్రణాళికలు వేసే సమయం ఇదే. ఇప్పుడు మాట్లాడకపోతే మళ్లీ 2031లో మాట్లాడుకోవాలి.

రాష్ట్రం సంగతి. మన ప్రాంతం నుంచి ఖజానాకు పోయే డబ్బు తక్కువా? పొలాన్ని ప్లాటుగా మార్చినప్పుడు నాలా ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, లేఅవుట్ ఫీజు, కంపెనీల నుంచి ఫైర్ అనుమతుల ఫీజు. మన భూమి చేతులు మారిన ప్రతిసారీ ప్రభుత్వానికి ఆదాయం వచ్చింది. అందులో ఒక్క భాగం ఈ భూమి మీద మిగిలినవాళ్ల రక్షణకు తిరిగి రావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇంకో సంగతి మరచిపోవద్దు. షెడ్డు కట్టి బండి నిలబెడితే అది స్టేషన్ కాదు. రాత్రీ పగలూ డ్యూటీలో మనుషులుండాలి, డ్రైవరుండాలి, బండికి మరమ్మతులు జరగాలి. కేంద్రం డబ్బుతో బండి కొనవచ్చు, జీతాలు ఏటేటా రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి. కాబట్టి స్టేషన్ మంజూరైందన్న ప్రకటనతో మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోకూడదు. ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి అని కూడా అడగాలి.

ప్రభుత్వం తలచుకుంటే అవుతుందనడానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మన దేవరయాంజాల్‌లోనే 108 అంబులెన్సు సేవల సంస్థ కేంద్రం ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పుడు అది ఒక ట్రస్టు ప్రయత్నం. తర్వాత ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది కాబట్టే పల్లెపల్లెకూ చేరింది, ఎన్నో రాష్ట్రాలకు పాకింది. 108కి ఫోన్ చేసేటప్పుడు "మాది పంచాయతీయా, మున్సిపాలిటీయా" అని ఎవరూ ఆలోచించరు. గుండెపోటు వచ్చిన మనిషికి వర్తించిన న్యాయం అగ్గి అంటుకున్న ఇంటికి ఎందుకు వర్తించదు?

సంఘంలోనే వచ్చిన రెండు ప్రశ్నలు

ఈ విషయం కమిటీలో చర్చకు వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దలు సూటిగానే అడిగారు. "మద్దతు ధర, రైతు భరోసా, భూమి రికార్డుల గొడవలు ఇన్నుండగా ఫైరింజన్ కోసం ఉద్యమమా?" న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. మద్దతు ధర ఇంటికి చేరిన పంటకు. ఇంటికి చేరకముందే కాలిపోయిన పంటకు ఏ ధరా లేదు. పాల మీద బతికే కుటుంబానికి రెండు బర్రెలు, ఏడాది గడ్డి ఒక్క మధ్యాహ్నంలో పోతే, తర్వాతి అప్పు ఎక్కడి నుంచి మొదలవుతుందో మనకు తెలుసు.

పోయాక వచ్చే సాయం ఎంతో కూడా తెలుసుకోవాలి. పంటల బీమా పథకం నుంచి మన రాష్ట్రం 2020లో బయటికొచ్చింది. ఆ పథకంలో అయినా విడి రైతు పొలానికి లెక్కలోకి వచ్చేది పిడుగు లాంటి ప్రకృతి కారణంతో లేచిన మంటే. కరెంటు తీగ నిప్పురవ్వ దాని లెక్కలోకి రాదు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి జాబితాలో అగ్నిప్రమాదం ఉంది. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం 33 శాతానికి పైగా నష్టపోయిన నీటిపారుదల పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు ఏడు వేల లోపే. పాడి బర్రెకు 37,500. ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000. గడ్డివాముకు అసలు పద్దే లేదు. ఈ లెక్కలు చూశాక, మంటను ముందే ఆపడం మీద పెట్టే రూపాయి ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

రెండో ప్రశ్న యువకుల నుంచి వచ్చింది. "ప్రభుత్వం కోసం ఎదురుచూడటమెందుకు, మనమే దళాలు పెట్టుకుందాం" అన్నారు. ఆ ఉత్సాహాన్ని మేం కాదనం. ఇంజన్ ఎంత త్వరగా వచ్చినా మొదటి పది నిమిషాలు ఊరివాళ్లవే. కేరళలో 2018 వరదల తర్వాత ఫైర్ శాఖే ప్రతి స్టేషన్ కింద 50 మంది చొప్పున స్వచ్ఛంద కార్యకర్తలను తీసుకుని శిక్షణ ఇచ్చింది. జర్మనీ పల్లెల్లో మంటలార్పేది ఎక్కువగా స్వచ్ఛంద దళాలే. దేశమంతా కలిపి వాళ్లు దాదాపు పది లక్షల మంది. కానీ బండి, దుస్తులు, శిక్షణ, బీమా అక్కడ స్థానిక ప్రభుత్వం బాధ్యత. పని వదిలి మంటలార్పడానికి పోతే ఆ కూలి కూడా పోదు. స్వచ్ఛందం అంటే ఉచితం కాదు. మన పిల్లలను చెప్పుల్లేని కాళ్లతో, తడి గోనెపట్టాతో మంటలోకి పంపి, దాన్ని సేవ అని మెచ్చుకుంటే కుదరదు. దళాలు పెడదాం. సామగ్రీ, శిక్షణా, బీమా ప్రభుత్వం ఇవ్వాలి.

మన తప్పు కూడా ఉంది

ఇతరులను అడిగేముందు మనల్ని మనం అడగాలి. మిషన్‌తో కోయించాక మిగిలిన వరికొయ్యలకు నిప్పు పెట్టే అలవాటు మనది. గాలి తిరిగితే అది పక్కవాడి వామును, మామిడితోటను మింగుతుంది. భూమిలో ఉన్న సారం కూడా దాంతోనే పోతుంది. ఈ అలవాటు మానాలి. దుక్కిలో కలియదున్నడమో, గడ్డి కట్టలు కట్టించడమో చేయాలి. తీగల కింద వాము పెట్టొద్దు. కొట్టానికి, వాముకు మధ్య ఎడం ఉంచాలి.

అంతకన్నా పెద్ద తప్పు ఫోన్ చేయకపోవడం. 101కి గానీ 112కి గానీ కాల్ పోకపోతే ప్రభుత్వం రికార్డులో ఆ మంట లేనట్టే. "ఈ ప్రాంతంలో అగ్నిప్రమాదాలు తక్కువ" అని ఫైలు మీద రాసుకుంటారు. ప్రమాదాలు తక్కువ కాబట్టి స్టేషన్ అక్కరలేదంటారు. స్టేషన్ లేదు కాబట్టి మనం ఫోన్ చేయం. ఈ చక్రాన్ని మనమే తెంపాలి. ఆరిపోయిన మంటకైనా ఫోన్ చేయండి. ఇంజన్ ఎన్ని గంటలకు పిలిచారు, ఎన్ని గంటలకు వచ్చింది, రాసిపెట్టండి. ఫైర్ శాఖ రిపోర్టు, తహసీల్దారు పంచనామా, పశువు చనిపోతే పశువైద్యుడి ధ్రువపత్రం, కాలినచోటు ఫొటోలు, ఈ నాలుగూ ఉంటేనే సాయం దరఖాస్తుకు బలం.

మేం అడుగుతున్నవి

ఒకటి, మేడ్చల్, శామీర్‌పేట, మూడుచింతలపల్లి మండలాల్లో ఏ ఊరు ఏ స్టేషన్ కిందికి వస్తుందో, ఎంత దూరమో, గత మూడేళ్లలో ఇంజన్ చేరిన సమయం ఎంతో ప్రభుత్వం ఊరివారీగా ప్రకటించాలి. ప్రతి పల్లెకు 20 నిమిషాల హామీని చట్టంలో రాయాలి.

రెండు, ఆర్థిక సంఘం నిధుల్లో, రాష్ట్ర ఫైర్ బడ్జెట్‌లో పల్లె స్టేషన్లకు విడిగా పద్దు ఉండాలి. ఔటర్ అవతలి ఊళ్లను హైడ్రా పరిధిలో లేవన్న పేరుతో వదిలేయకూడదు.

మూడు, కోతల కాలంలో మార్చి నుంచి మే దాకా మండల కేంద్రంలో ఒక చిన్న ఫైర్ బండిని సిబ్బందితో సహా నిలిపి ఉంచాలి. పెద్ద ఇంజన్ దూరని పొలం బాటలకు అదే పనికొస్తుంది.

నాలుగు, ప్రతి ఊళ్లో ఇంజన్ నీళ్లు నింపుకునే చోటు ఉండాలి. మామూలు ఇంజన్‌లో పట్టేవి దాదాపు 4,500 లీటర్లు. రెండు పైపులు పట్టి కొడితే కొద్ది నిమిషాల్లో ఖాళీ. మళ్లీ నింపుకోవడానికి పది కిలోమీటర్లు పోవాల్సి వస్తే వచ్చిన ఇంజన్ కూడా వృథానే. ఊరి ట్యాంకుకు ఇంజన్ పైపు బిగేలా నల్లా, కరెంటు లేకున్నా నడిచే ఒక డీజిల్ పంపు పెద్ద ఖర్చు కాదు.

ఐదు, కోతలకు ముందే వ్యవసాయ లైన్ల వదులు తీగలు బిగించాలి. తీగ వల్ల కాలిన పంటకు, గడ్డికి, పశువుకు కరెంటు సంస్థ నుంచి పరిహారం ఇప్పించాలి.

ఆరు, గోదాములకు, కంపెనీలకు అనుమతులిచ్చేటప్పుడు లోపల ఏం నిల్వ చేస్తున్నారో పంచాయతీకి, దగ్గరి ఫైర్ స్టేషన్‌కు తెలపాలి. ఏం కాలుతోందో తెలియకుండా నీళ్లు కొట్టమని ఏ ఫైర్‌మన్‌నూ పంపకూడదు.

ఇవేవీ కోట్లకు కోట్లు మింగే పనులు కావు. పట్నానికి ఎప్పుడో ఇచ్చినవాటిని పల్లెకూ ఇమ్మంటున్నాం, అంతే. గ్రామసభల్లో ఈ ఆరు అంశాల మీద తీర్మానాలు చేయించి కలెక్టరుకు పంపాలని గ్రామ కమిటీలను కోరుతున్నాం. పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిసిపోయిన చోట వార్డులవారీగా సంతకాలు సేకరించండి. గత రెండు మూడేళ్లలో మీ ఊళ్లో కాలిన వాములు, కొట్టాలు, పంటల వివరాలు తేదీలతో సహా రాసి వచ్చే నెల మండల సమావేశానికి తీసుకురండి. ప్రభుత్వం దగ్గర లేని లెక్కను మనమే తయారుచేసి దాని ముందు పెడదాం.

ఈసారి మన ఊళ్లో మంట లేస్తే "చేసి ఏం లాభమన్నా" అనే మాట వినిపించకూడదు. ఫోన్ చేద్దాం. రాకపోతే ఎందుకు రాలేదో అడుగుదాం.